మెట్లు దిగే తీరు

మార్చి నెల, లూసియానా.
వాన వెలిసి గంటైనా కాలేదు.
జిమ్ గోడకి టేపు అంటించి, దాని కింద
చొక్కా విప్పించి నిలబెట్టారు కుర్రాణ్ణి.
కీషాన్ ఫాంటెనో. ఇరవై రెండేళ్ళు. రన్నింగ్ బ్యాక్.
ఐదడుగుల పదిన్నర అంగుళాలు, రెండొందల పదకొండు పౌన్లు.
అరచెయ్యి తొమ్మిదింబావు,
బంతి జారవిడిచే చెయ్యి కాదు.
ఒకడు అరుస్తాడు, ముప్ఫైమంది స్కౌట్లం రాసుకుంటాం,
సంతలో కోడె పళ్ళు లెక్కపెట్టినట్టు.
ఈ రాష్ట్రంలో మనిషిని బల్ల ఎక్కించి
అంకె పలకడం కొత్తేమీ కాదని
నాకూ తెలుసు, నా ఒంటి రంగుకీ తెలుసు.
అయినా రాసుకున్నాను.
జీతం ఇచ్చేది అందుకే.

నలభై గజాలు: నాలుగు సెకన్ల యాభై ఎనిమిది.
పక్కవాడు పెదవి విరిచి పెన్నుకి మూత పెట్టేశాడు.
తొందరపడ్డాడు. వీడు గీత మీద పరిగెత్తే రకం కాదు.
మోటెల్ గదిలో చల్లారిన చేపముక్కలు నములుతూ
వీడి ఆటలు పదకొండు చూశాను.
బంతి అందుకున్నాక ఒక్క రెప్పపాటు ఆగుతాడు.
ఆ ఆగడమే వీడి విద్య.
ఎదుట బరువైన ఒళ్ళు ఎటు ఒరుగుతాయో చూసి
సందు పుట్టకముందే దాని చిరునామా తెలిసినవాడిలా
భుజం వాల్చి దూరిపోతాడు.
అర్ధరాత్రి దీపం వెయ్యకుండా
సొంత ఇంట్లో మంచినీళ్ళకి లేచినవాడి నడక అది.

అక్టోబరులో ఒక ఆట. బంతి వీడి దగ్గర లేదు.
క్వార్టర్‌బ్యాక్ వీపు మీదికి దూసుకొస్తున్నవాణ్ణి
ఛాతీ అడ్డుపెట్టి ఆపాడు.
కెమెరా బంతి వెంట పోయింది.
నేను వెనక్కి తిప్పి, మళ్ళీ తిప్పి,
తెర అంచున మిగిలిన సగం బొమ్మలో
వాడు లేచి, నోట్లో గడ్డి ఉమ్మేసి,
తను పడగొట్టినవాడికి చెయ్యందించడం చూశాను.
దానికి మా ఫారంలో గడి లేదు.

ఉన్న గడి: బంతి మోసిన సార్లు.
ఏడొందల తొంభై మూడు.
ఒక్కో మోతా ఒక చిన్న కారు ప్రమాదం.
ఆ కాలేజీకి ఇంకెవరూ లేరు;
నాలుగేళ్ళు అరిగేదాకా తోలారు.
ఇక ఎంత మిగిలిందో చూసి రమ్మని మావాళ్ళు నన్ను పంపారు.
టైరైతే గోరుతో గీకి చెప్తాను.

సాయంత్రం, అందరూ విమానాలకి పరిగెత్తాక
మర్చిపోయిన టోపీ కోసం స్టేడియంకి వెనక్కెళ్ళాను.
ఎవరూ లేరనుకున్నాడు.
పై వరసలోంచి దిగుతున్నాడు
పక్కకి తిరిగి, కమ్మీ పట్టుకుని,
ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి.
నాకు ఆ దిగడం తెలుసు.
ఇరవయ్యారేళ్ళుగా మా ఇంటి మెట్లు అలాగే దిగుతున్నాను.

కింది మెట్టు దగ్గర నన్ను చూశాడు.
కమ్మీ మీంచి చెయ్యి లాక్కున్నాడు, దొంగసొత్తు ముట్టుకున్నట్టు.
"మెట్లు తడిగా ఉన్నాయి సర్" అన్నాడు.
ఎండ ఎప్పుడో ఆరబెట్టేసింది వాటిని.
"అవును, చూసుకుని దిగు" అన్నాను.

రాత్రి. ఫారం తెరిచే ఉంది.
చూపు: అరుదు. ఓపిక: అంతకన్నా అరుదు.
డాక్టర్ల కాగితం శుభ్రంగా ఉంది.
గాయాల గడిలో 'మెట్లు' అని రాసి, కొట్టేశాను.
మళ్ళీ రాశాను.
ఆ ఒక్క మాటకి మూడో రౌండు ఆరో రౌండవుతుంది,
లేదా ఫోను మోగనే మోగదు.
రాయకపోతే ఇంకో రెండేళ్ళు మోస్తాడు,
ఆ తర్వాత నాలాగే
ఎవడో కుర్రాడి అరచెయ్యి కొలుస్తుంటాడేమో.

వరండా చివర ఐసు యంత్రం గరగరమంటోంది.
మోకాలికి ముక్కలు కావాలి.
కొట్టేసిందీ రాసిందీ అలాగే వదిలి
బకెట్టు పుచ్చుకుని బయల్దేరాను కిందికి,
పక్కకి తిరిగి,
ఒక్కో మెట్టే.